మండువా ఇంటి మరమ్మతు

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇటువంటి వేదికమీద సాహిత్యమును గూర్చియో సంగీతమును గూర్చియో మాటలాడుట మన సంఘమున ఆనవాయితీ. కార్యదర్శిగారు నన్ను మాత్రము, పదవీవిరమణ చేసి ఊరు చేరినవాడు అచ్చట ఎట్లు కాలక్షేపము చేయుచున్నాడో చెప్పుమన్నారు. మా కాలక్షేపమునకు ఒక్కటే పేరు: ఇంటి మరమ్మతు. ఏడు నెలలుగా నేనును మా గృహిణియు పాత ఇల్లు బాగుచేయించుకొనుచు, ఆ దుమ్ములోనే కాపురము చేయుచున్నాము. నేడో రేపో ఈ పనికి దిగబోవువారు ఈ సభలో చాలమంది ఉన్నారు గనుక ఆ సంగతులే మనవి చేసెదను.

మా ఊరు కోనసీమలో ఒక గోదావరి పాయ ఒడ్డున ఉన్నది. ఇల్లు మండువా లోగిలి. ఢిల్లీలో పుట్టి పెరిగిన మన పిల్లలకొరకు చెప్పుచున్నాను: నడుమ ఆకాశము కనబడు మండువా, దాని చుట్టును వసారాలు, వాటి వెనుక గదులు. నాలుగు కప్పుల వాననీరు మండువాలో పడి తూముగుండ పెరటికి పోవును. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన తరువాత డెల్టాలో వరి విరివిగా పండి, రైతుల చేతిలో నాలుగు డబ్బులు నిలిచిన కాలపు కట్టడములు ఇవి. మా ఇంటి దూలములు టేకువి, నేటికిని చెక్కు చెదరలేదు. 1986 ఆగస్టు వరదనీరు ఎంతవరకు వచ్చినదో మా తండ్రిగారు సావిడి స్తంభముపై గీసిన గీత ఇంకను ఉన్నది. 1996 నవంబరు తుపాను సగము పెంకులను ఎగురగొట్టినది. ఆ తరువాత ఇల్లు తాళములోనే ఉన్నది.

మేము పోయి తాళము తీయగానే సలహాలు మొదలైనవి. పడగొట్టి స్లాబు వేయుమని బంధువులు, పై అంతస్తు కూడ వేయుమని పొరుగువారు, నున్నని టైల్సు పరచుమని టెలిఫోనులో మా అబ్బాయి. గ్రాట్యుటీ సొమ్ము అంతయు సిమెంటులో పోయుటకు సరిగా సరిపోవును. ఈ సలహా ఇచ్చినవారిలో ఆ ఇంటిలో ఉండబోవువారు ఒక్కరును లేరు.

మా గృహిణి ముప్పదియేండ్లకు పైగా సర్కారు క్వార్టర్లలో కాపురము చేసినది. వంటగది ఎటు ఉండవలెనని ఆమెను అడిగినవారు లేరు. గోడకు మేకు కొట్టవలెనన్నను నేను నియమము చదివెడివాడను. ఈమారు ఆమెయే మాటలాడినది. "ఏమండీ, చివరికి ఈ యింట్లో ఉండేది ఒక్కరే గదా. మీరో, నేనో. ఆ ఒక్కరికీ పనికొచ్చేటట్టు చేయించండి" అన్నది. పింఛను ఫైళ్లతో పని చేసినవాడను. కుటుంబ పింఛను సాధారణముగా చివరి జీతములో 30 శాతమని నాకు కంఠస్థము. ఆ 30 శాతముతో పై అంతస్తును ఊడ్పించుట ఎవరివల్ల అగును? ఆనాటితో స్లాబు మాట ముగిసినది.

కప్పు విప్పినాము. బంగాళా పెంకు నొకదానినొకటి దింపి, నాచు గీకి, వ్రేలి కణుపుతో కొట్టి చూడవలెను. ఖంగుమన్నది మంచిది, బొద్దుగా పలికినది పగిలినది. ఈ పనికి కూలి ఎందుకని మేమిద్దరము అరుగుమీద కూర్చుండి చేసినాము. నా చెవికన్న ఆమె చెవి నిశితమని తేలినది. పగిలినవాటిని నేలలో దిమ్మిసాకు వాడినాము. గోడలలో దిగిన వాసముల కొనలను చెదలు తినివేసినవి. ఆ మేరకు కోసి కొత్త కఱ్ఱ అతికించినారు.

గోడల విషయమున కొంచెము నిలిచి చెప్పవలెను, ఏలయనగా పెక్కుమంది డబ్బు పోగొట్టుకొనునది ఇచ్చటనే. మావైపు నేలలో నీరు పైపైననే ఉండును. ఇటుకగుండ చెమ్మ పైకెక్కును. పాత సున్నపు గోడ ఆ చెమ్మను బయటికి విడిచిపెట్టును. దానిపై సిమెంటు పూసినచో చెమ్మ లోపలనే నిలిచి, రెండు మూడు వర్షాకాలములకు పూత ఉబ్బి పెచ్చులూడును. కనుక సున్నమే పూయించ నిశ్చయించినాము. గానుగ తిప్పిన ఎడ్లు లేవు, గానుగ రాయి ఎవరి పెరటిలోనో అరుగుగా పడియున్నది. బెల్లపు నీరు, కరక్కాయ నీరు కలుపు పాళ్లు ఎరిగిన వృద్ధ తాపీ మేస్త్రి ఒకడు పొరుగూరిలో దొరికినాడు. నేను నోటుపుస్తకములో మూడు పుటల అంచనా వ్రాసినాను. ఆతడు బొగ్గుతో గోడమీద నాలుగు గీతలు గీసినాడు. చివరకు తేడా అర బస్తా.

వచ్చునప్పుడు వచ్చునుగాని, "ఆయ్, రేపు మొదలెట్టేద్దామండి బాబుగారూ" అన్న మాటలోని రేపు ఏ రేపో పంచాంగము చూచి ఊహించుకొనవలెను. కోతలు, మూఢము, పెండ్లిండ్లు, ఊరి తీర్థము, ఇన్నియు దాటి రావలెను గదా!

ఈలోగా వంట పెరటి వసారాలో, కొబ్బరాకుల పందిరి క్రింద. వీధి తలుపు వడ్రంగి పట్టుకొనిపోయి పదునొకండు దినములు తేలేదు. క్వార్టరులో గడియవేసి అన్నము వడ్డించుకొన్న మేము తలుపే లేని ఇంటిలో పరుండినాము. ఎదురింటి బాబయ్యగారు చెప్పకుండగనే చాప తెచ్చుకొని మా అరుగుమీద పండుకొన్నారు. పిన్నిగారు పనసపొట్టు కూర గిన్నెతో లోపలికి వచ్చి, కూర ఇచ్చి, గోడ వంకరయని చెప్పి పోయినారు. గోడ వంకరయే. విప్పి మరల కట్టించినాము.

నవంబరులో జీవన ధ్రువపత్రము ఇయ్యవలెను. సున్నము తగిలి నా వ్రేళ్లు పగిలియుండుటచే యంత్రము వేలిముద్ర పట్టలేదు. "మాకు రేషనుకాడ ఎప్పుడూ ఇంతేనండి" అన్నాడు మేస్త్రి. నేను ముఖము చూపి ఫోనులో పని ముగించుకొన్నాను. ఆతడు మాత్రము ఆ వ్రేళ్లతోనే నెలనెలా యంత్రము ముందు నిలుచుండవలెను.

స్నానాల గదికి గడప తీసివేయించినాము. తలుపు బయటికి తెరచుకొనును. లోపల పడినవారిని తీయుటకు అదియే వీలు. మండువాను మూయలేదు, గరుకు రాయి పరచి చుట్టును ఇనుప కడ్డీ పెట్టించినాము. విద్యుత్తు మీటలన్నియు మా తండ్రిగారి గీతకు పైన.

ఇక పెరటివైపు రెండు గదులు మిగిలియున్నవి. బడి పంతులమ్మగారు ఒకరు, ఇద్దరు పిల్లలతో, అద్దెకు అడిగినారు. ఏ గదులీయవలెనో తేల్చుటకు మా గృహిణి ఒక రాత్రి నన్ను పెరటిలో నిలువబెట్టి, తాను పడకగదిలో మంచముమీదనుండి మెల్లగా పిలిచినది. మొదటి గదికి వినబడలేదు. రెండవదానికి వినబడినది. ఆ గదినే ఇచ్చుచున్నాము.

సెలవు.