నీలం రంగు ఆలస్యమైతే



ఈ రోజు పట్టాలు అందుకుంటున్న మీలో నేను సైన్సు విభాగాల పిల్లలతో, అందులోనూ పీహెచ్‌డీ పూర్తిచేసినవాళ్లతో ఎక్కువగా మాట్లాడతాను. మిగతావాళ్లు మన్నించండి. నా జీవితం జీవరసాయన శాస్త్రం ల్యాబుల్లో గడిచింది. నాకు బాగా తెలిసిన లోకం అదే.

ముందుగా తల్లిదండ్రులకు ఒక మాట. ఇన్నేళ్లూ మీ అమ్మాయో అబ్బాయో "పనిలో ఉన్నానమ్మా, మళ్లీ చేస్తా" అని ఫోన్ పెట్టేసినప్పుడు ఆ పనేమిటో మీకు ఎవరూ సరిగా చెప్పి ఉండరు. నేను చెబుతాను. పొద్దున్నే వచ్చి, ముందు రాత్రి పెట్టిన కల్చర్ పెరిగిందో లేదో చూసుకోవాలి. బఫర్ కలిపి పీహెచ్ సరిచేయాలి. గాజు సామాను కడిగి ఆటోక్లేవ్‌లో పెట్టాలి. సెంట్రిఫ్యూజ్ దగ్గర తన వంతు వచ్చేదాకా ఆగాలి. ఆ తర్వాత పిపెట్ పట్టుకుని ట్యూబు వెంట ట్యూబు, మెడ ఎత్తకుండా గంటల తరబడి కూర్చోవాలి. మాటలో పడి ఒక ట్యూబులో రెండుసార్లు పోస్తే ఆ రోజు పనంతా వృథా. ఆదివారమని కణాలకు తెలియదు, మీడియం మార్చాల్సిన రోజున మార్చాల్సిందే. ఒక చిన్న కెమికల్ సీసా కావాలంటే మూడు కొటేషన్లు, వాటి మీద సంతకాలు, ఆపైన వారాల ఎదురుచూపు. ఇంతా చేసి సాయంత్రం జెల్‌ను యూవీ వెలుగులో పెడితే, ఉండాల్సిన చోట బ్యాండ్ ఉండదు. "వచ్చిందా?" అని సీనియర్ అడుగుతుంది. "రాలేదక్కా." మెస్ మూసేలోపు పరుగు. మర్నాడు మళ్లీ మొదటి నుంచి.

ఇటు ఇలా జరుగుతుంటే అటు ఊళ్లో, పెళ్లిళ్లలో "ఇంకా చదువేనా? ఉద్యోగమెప్పుడు?" అన్న ప్రశ్న. డిగ్రీ తర్వాత సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లిన స్నేహితులు ఈపాటికి ఫ్లాటు కొనుక్కుని ఉంటారు. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) ఉన్న విద్యార్థికి 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, సీనియర్ (ఎస్ఆర్ఎఫ్) అయ్యాక 42,000. అది అందరికీ ఉండదు, ఉన్నవాళ్లకూ నెలనెలా పడదు. కేంద్ర విశ్వవిద్యాలయాల్లో నెట్ ఫెలోషిప్ లేని పరిశోధక విద్యార్థికి ఏళ్ల తరబడి ఇస్తూ వచ్చింది నెలకు 8,000. ముప్పైకి దగ్గరపడుతున్న మనిషిని ఆ డబ్బుతో బతకమనడం అన్యాయం. ఈ వేదిక మీద పెద్దలుండగానే అంటున్నాను, వాళ్లు వినాలనే అంటున్నాను.

ఇక నేను చెప్పాలనుకున్న విషయానికి వస్తాను.

1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు వినని తెలుగు సైన్సు విద్యార్థి ఉండరు. ఫోలిక్ యాసిడ్, మెథోట్రెక్సేట్, ఫైలేరియాకు వాడే డీఈసీ, ఆరియోమైసిన్, ఈ జాబితా మనకు కంఠతా వచ్చు. నాకు మాత్రం అంతకు ముందరి సుబ్బారావు గారంటే ఎక్కువ ఇష్టం. బోస్టన్ చేరిన కొత్తలో ఆస్పత్రిలో రాత్రిపూట పోర్టరు పని చేసి పొట్టపోసుకున్న మనిషి, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే దగ్గర బెంచీ ముందు నిలబడ్డ మనిషి. ఆయనకు పీహెచ్‌డీ వచ్చింది 1930లో. నేను చెప్పబోయే పనులన్నీ దానికంటే ముందువే. అంటే, నిన్నటిదాకా మీరున్న స్థితిలో ఉండగా చేసినవే.

1925లో ఫిస్కే, సుబ్బారావు ప్రచురించిన పత్రంలో కొత్త మందు లేదు, కొత్త సిద్ధాంతం లేదు. ఉన్నది కొలిచే పద్ధతి. రక్తంలోనో మూత్రంలోనో ఫాస్ఫరస్ ఎంతుందో తేల్చే పద్ధతి. ఆమ్లంలో మాలిబ్డేట్ చేరిస్తే ఫాస్ఫేట్ దానితో కలుస్తుంది. దాన్ని క్షయకరణం చేస్తే నీలం రంగు వస్తుంది. నీలం ఎంత చిక్కనైతే ఫాస్ఫేట్ అంత ఎక్కువ. ఎమ్మెస్సీ ప్రాక్టికల్స్‌లో 660 నానోమీటర్ల దగ్గర రీడింగులు తీసి, స్టాండర్డ్ గ్రాఫ్ గీసి, సరళరేఖ కోసం తంటాలు పడ్డవాళ్లు ఈ హాల్లో చాలామందే ఉన్నారు. అది మన భీమవరం మనిషి చెయ్యి పడ్డ పద్ధతేనని ప్రాక్టికల్ రికార్డులో రాయించాలని నాకెప్పుడూ ఉంటుంది.

ఆ పద్ధతితోనే వాళ్లు కండరంలోని ఫాస్ఫేట్‌ను కొలవబోయారు. అక్కడ ఒక చిక్కు వచ్చింది. స్టాండర్డ్ ట్యూబులో నీలం ఎప్పటిలాగే వచ్చింది. కండరం నుంచి తీసిన ద్రవంలో మాత్రం ముందు పలచగా ఉండి, నిమిషాలు గడిచేకొద్దీ చిక్కబడుతూ పోయింది. దీన్ని పట్టించుకోకుండా ఉండడానికి ఎన్ని సాకులైనా దొరుకుతాయి. రియేజెంట్ పాతదైపోయిందనుకోవచ్చు. ట్యూబు సరిగా కడగలేదనుకోవచ్చు. రంగు పూర్తిగా వచ్చేదాకా ఆగి రీడింగ్ తీసుకుంటే ఒక అంకె వచ్చేది, పట్టికలో కూర్చునేది, ఎవరూ అడిగేవారు కాదు. వాళ్లు ఆ ఆలస్యాన్నే పట్టుకున్నారు. కండరంలో ఫాస్ఫేట్ అనుకుంటున్నదాంట్లో పెద్ద భాగం విడిగా లేదనీ, క్రియాటిన్‌తో కలిసి ఉందనీ, ఆమ్లంలో మాలిబ్డేట్ ఉండగా ఆ బంధం మెల్లగా తెగుతూ ఉంటే విడివడ్డ ఫాస్ఫేట్ రంగునిస్తోందనీ తేల్చారు. అదే ఫాస్ఫోక్రియాటిన్. 1927 సంగతి. అదే ఏడాది లండన్‌లో ఎగిల్టన్ దంపతులు కూడా వేరుగా దాని జాడ పట్టారు. కండరం ముడుచుకోవడానికి మూలం లాక్టిక్ ఆమ్లమేనని నమ్ముతున్న రోజులవి. కండరాల మీద చేసిన పనికి హిల్, మేయర్‌హాఫ్‌లకు 1922 నోబెల్ బహుమతి కూడా వచ్చింది. ఫాస్ఫోక్రియాటిన్ బయటపడ్డాక కొద్ది ఏళ్లలోనే ఆ నమ్మకం కదిలిపోయింది. 1929లో, కణాలు శక్తి కోసం వాడుకునే ఏటీపీ బయటపడింది. జర్మనీలో కార్ల్ లోమన్, హార్వర్డ్‌లో ఫిస్కే, సుబ్బారావు ఎవరికి వారు దాన్ని కనుగొన్నారు. ఇప్పుడు ఇంటర్మీడియట్ పిల్లలు కూడా ఆ మూడక్షరాలు పలుకుతున్నారు.

రంగు ఆలస్యమైందని వాళ్లకెలా తెలిసింది? ఆలస్యం కాకుండా ఎప్పుడొస్తుందో తెలిసి ఉండబట్టి. ఆ నీలాన్ని లెక్కలేనన్నిసార్లు చూసి ఉండబట్టి. భీమవరం చుట్టుపక్కల రైతు రోజూ గట్టు మీద నడుస్తాడు కనుకే తెగులు సోకిన మొదటి ఆకు అతని కంటపడుతుంది. మీరు విసుగుతో, ఒక్కోసారి ఏడుపుతో చేసిన ఆ మళ్లీ మళ్లీ పని మీకు ఇచ్చింది ఆ చూపునే. పరిశోధన అంటే మెరుపులాంటి ఊహ అనీ, మిగతాదంతా చాకిరీ అనీ చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. ఆ చాకిరీలోనే ఊహకు కావలసిన సరుకు పోగవుతుంది.

అయితే చూపు ఒక్కటే చాలదు, చూసింది రాయాలి. గ్రాఫులో ఒక బిందువు గీతకు దూరంగా పడుతుంది. అది తీసేస్తే గీత అందంగా వస్తుంది. సినాప్సిస్ గడువు దగ్గరపడింది, ఫెలోషిప్ అయిపోవచ్చింది, గైడ్ గారు అడుగుతున్నారు. ఒక్క క్లిక్ చాలు. ఆ క్షణంలో మీ పక్కన ఎవరూ ఉండరు. నోట్‌బుక్‌లో "రాలేదు, కారణం తెలియదు" అని తేదీ వేసి రాసుకున్న ప్రతి విద్యార్థికీ ఈ రోజు నేను చేతులెత్తి నమస్కరిస్తున్నాను. డిగ్రీ మీద ఆ పేజీల ప్రస్తావన ఉండదు. నా దృష్టిలో మీరు దాన్ని సంపాదించుకున్నది వాటితోనే.

మీలో అందరూ పరిశోధనలో ఉండిపోరు, ఉండాలనీ లేదు. కొందరు జూనియర్ కాలేజీల్లో పాఠాలు చెబుతారు. కొందరు గ్రూప్స్‌కు చదువుతారు. చాలామంది జీడిమెట్లలోనో, పరవాడ ఫార్మా సిటీలోనో క్వాలిటీ కంట్రోల్‌లో చేరతారు. వాళ్లకు ప్రత్యేకంగా చెబుతున్నాను. ఒకరోజు మీ ముందుకు ఒక బ్యాచ్ వస్తుంది. అది మెథోట్రెక్సేటే కావచ్చు. సుబ్బారావు గారి ఆధ్వర్యంలో లెడర్లీ ల్యాబుల్లో తయారై, ఈనాటికీ ల్యుకేమియా పిల్లలకు ఇస్తున్న మందు. పరీక్షలో ఫలితం హద్దు దాటుతుంది. కింద లారీ నిలబడి ఉంటుంది. ఇంకోసారి చేసి, వచ్చిన మంచి అంకె వేసెయ్యమని ఎవరో అంటారు. అప్పుడు మీరు ఆ మొదటి రీడింగ్ కొట్టెయ్యకుండా ఉంచి, ఎందుకలా వచ్చిందని అడగండి. ఎక్కడో ఒక బిడ్డ ఆ మాత్ర మింగుతుంది.

చివరగా ఒక పని అప్పగిస్తాను. రైలెక్కే ముందు, గౌను తిరిగిచ్చేశాక, ఒకసారి ల్యాబుకు వెళ్లండి. మైనస్ 80 ఫ్రీజర్‌లో మీ పెట్టెలు ఉన్నాయి. వాటి మీద మీ పొడి అక్షరాలు మీకే తెలుస్తాయి. ఏ పెట్టెలో ఏముందో పూర్తిగా రాసి అతికించండి. ఏ యాంటీబాడీ పనిచేసింది, ఏది చెయ్యలేదు, ఏ బఫర్‌ను ఏ పీహెచ్ దగ్గర ఆపాలి, ఇవన్నీ నోట్‌బుక్ మొదటి పేజీలో పెట్టండి. ఎన్నిసార్లు చేసినా రాని ప్రయోగం ఒకటి ఉంటుంది కదా, దాన్ని కూడా దాచకుండా రాయండి. పక్కన మీ ఫోన్ నంబరు వెయ్యండి. వచ్చే ఏడాది చేరే జూనియర్ ఎప్పుడో రాత్రి మీకు ఫోన్ చేస్తాడు. ఎత్తండి.