నంబర్ ప్లీజ్

స్వర్ణోత్సవ సభలో 1974 పదో తరగతి బ్యాచ్ విద్యార్థిని చేసిన ప్రసంగ పాఠం

అన్నయ్యలకి, తమ్ముళ్ళకి, నా తోటి ఆడపిల్లలకి నమస్కారం. ఆడపిల్లలంటే నవ్వుతున్నారు. అరవై ఏడేళ్ళొచ్చినా ఈ గేటు దాటి లోపలికొస్తే నేను రెండు జడల పిల్లనే.

కార్యదర్శిగారు ఫోన్ చేసి, "ఆరోగ్యం గురించి పది నిమిషాలు మాట్లాడాలక్కా" అన్నారు. సంఘంలో ఇంతమంది డాక్టర్లుండగా నేనెందుకయ్యా అంటే, "డాక్టర్లు చెప్తే ఎవరూ వినరు, నువ్వు పేషెంటువి కదా" అన్నారు. మాట నిజమే. నాలుగేళ్ళుగా నా గుండె లయ తప్పి కొట్టుకుంటోంది. దాంతో ఎలా కాపురం చేస్తున్నానో చెప్తాను. అందులో నేను చేసిన ఒక తెలివితక్కువ పని ఉంది. అది చెప్పడానికే ఒప్పుకున్నాను.

2021 వేసవి. కరోనా రెండో విడత రోజులు, ఆస్పత్రి గడప తొక్కాలంటే భయం. డాబా మీద వడియాలు పెట్టి మెట్లు దిగుతుంటే గుండెల్లో గుప్పెడు పిచ్చుకల్ని వదిలినట్టయింది. కాళ్ళు తేలిపోయాయి. కాసేపు కూర్చుంటే తగ్గింది. గ్యాస్ అనుకున్నాను. వాము నమిలాను, జీలకర్ర నీళ్ళు తాగాను. మళ్ళీ పది రోజులకి అదే. ఇంట్లో బీపీ చూసుకునే మిషను మీద చిన్న గుండె బొమ్మ వెలిగి ఆరుతోంది. బ్యాటరీ అయిపోయిందనుకుని కొత్తది వేయించాను. "నాడి సరిగ్గా లేదు" అని ఆ మిషను నాకు చెబుతోందని తర్వాత తెలిసింది.

ఈసీజీ రెండుసార్లు తీయించాను, రెండుసార్లూ మామూలుగానే వచ్చింది. నా జబ్బు పిలవని చుట్టంలాంటిది. తనకి తోచినప్పుడొచ్చి, తోచినప్పుడు వెళ్ళిపోతుంది. చివరికి ఒక రోజంతా ఒంటికి తీగలు అంటించి, హోల్టర్ అనే చిన్న మిషను నడుముకి కట్టారు. రాత్రి రెండు నుంచి నాలుగు దాకా, నేను నిద్రపోతున్నాననుకున్న సమయంలో, దొంగ దొరికాడు. దాని పేరు ఏట్రియల్ ఫిబ్రిలేషన్. డాక్టర్లు ఏఫిబ్ అంటారు.

ఎనిమిదో తరగతిలో మన సైన్సు మాస్టారు రంగు సుద్దలతో నల్లబల్ల మీద గుండె వేసేవారు, గుర్తుందా? పైన రెండు కర్ణికలు, కింద రెండు జఠరికలు. ఆ మాటలు పరీక్షలయ్యాక మర్చిపోయాం. నాకు మళ్ళీ పనికొచ్చాయి. అయితే అసలు సంగతి నాకు అర్థమైంది మాస్టారి బొమ్మ వల్ల కాదు, నా ఉద్యోగం వల్ల.

నేను టెలిఫోన్ ఆపరేటర్‌ని. 1978లో చేరాను. ఇప్పటి పిల్లలకి తెలీదు. బోర్డు ముందు కూర్చుంటే ఒక్కొక్క కనెక్షనుకి ఒక్కొక్క చిన్న షట్టర్ ఉండేది. అవతల వాళ్ళు ఫోనెత్తితే అది టప్పున పడేది. కార్డు గుచ్చి "నంబర్ ప్లీజ్" అనాలి. మామూలుగా గుండె పైగదిలో ఒక మూల నుంచి నిమిషానికి అరవై నుంచి వంద దాకా, వరసగా, ఒకటి తర్వాత ఒకటి కాల్స్ వస్తాయి. పై గదులకీ కింది గదులకీ మధ్య ఒక ఆపరేటరమ్మ కూర్చుని ఒక్కొక్కటీ కిందికి కలుపుతుంది. ఆవిడ ఎక్కడ కూర్చుంటుందో జపాను నుంచి జర్మనీ వెళ్ళి పరిశోధన చేసిన తవారా అనే ఆయన 1906లో కనిపెట్టాడు. ఏఫిబ్ వచ్చినప్పుడు పై గదుల్లో ఒకేసారి నిమిషానికి నాలుగు వందలకి పైగా షట్టర్లు పడతాయి. తుఫాను రాత్రి మా ఎక్స్ఛేంజి అలాగే ఉండేది. ఆపరేటరమ్మ ఎన్నని కలుపుతుంది? చేతికందినవి కలుపుతుంది. అందుకే నాడి ఒకసారి గబగబా, ఒకసారి ఆగి, మళ్ళీ రెండు దెబ్బలు కలిసి, ఒక తాళమంటూ లేకుండా నడుస్తుంది. నాకు పొద్దున్నా సాయంత్రం ఇచ్చే ఒక మాత్ర ఆ ఆపరేటరమ్మ భుజం తట్టి "నెమ్మదిగా కలుపమ్మా" అని చెప్పడానికే.

ఇంతవరకు అయితే పెద్ద ప్రమాదం లేదు. ప్రమాదం వేరే చోట ఉంది. పాలు కలుపుతూ ఉంటే తోడుకోవు, కదపకుండా వదిలేస్తే తోడుకుంటాయి. వణుకుతున్న కర్ణికలో రక్తం సరిగ్గా కదలదు. ఎడమ కర్ణికకి పక్కన చిన్న సంచిలాంటిది ఒకటుంటుంది, అందులో నిలిచి గడ్డ కడుతుంది. ఆ గడ్డ ఊడి పైకి వెళితే పక్షవాతం. ఏఫిబ్ ఉన్నవాళ్ళకి పక్షవాతం ముప్పు లేనివాళ్ళకంటే సుమారు అయిదు రెట్లు. దడ అనిపించినా అనిపించకపోయినా ఈ ముప్పు ఒకటే. కొందరికి దడ అసలు తెలియదు. మొదటి లక్షణమే మూతి వంకర పోవడం.

దీనికి మార్కులు వేస్తారు. బీపీకి ఒకటి, షుగరుకి ఒకటి, 65 దాటితే ఒకటి, 75 దాటితే రెండు, ఇదివరకు పక్షవాతం వచ్చి ఉంటే రెండు. ఇంకా కొన్ని ఉన్నాయి. ఎక్కువ మార్కులొస్తే సంతోషించకూడని పరీక్ష జీవితంలో ఇదొక్కటే చూశాను. నాకు బీపీ, షుగరు రెండూ ఉన్నాయి. రక్తం గడ్డ కట్టకుండా అపిక్సబాన్ అనే మాత్ర పన్నెండు గంటలకొకటి రాశారు. "ఆస్పిరిన్ వేసుకుంటే సరిపోదా డాక్టరుగారూ, చవక కదా" అని అడిగాను. ఈ పనికి అది సరిపోదన్నారు.

రెండేళ్ళు బుద్ధిగానే వేసుకున్నాను. ఇక నా తెలివితక్కువ పని.

2023 కార్తీకమాసం. దంతం పీకించుకోవాల్సి వచ్చింది. రక్తం పల్చబడే మాత్ర వేసుకుంటున్నానంటే "అయిదు రోజులు ఆపి రండి" అన్నారు. గుండె డాక్టరుని అడగలేదు. చాలామందికి ఒక పన్నుకి ఆపనే అక్కర్లేదట, ఆపినా ఒకటి రెండు డోసులట. ఆ సంగతి తర్వాత తెలిసింది. సరే, అయిదు రోజులు ఆపాను. పన్ను పోయింది. ఒళ్ళు హాయిగా ఉంది, నెల రోజులుగా దడ లేదు. మాత్రలు ఖరీదు. పైగా ఉపవాసాలు, గుళ్ళు, దీపాలు. "బాగానే ఉన్నాను కదా, నెల దాటాక చూద్దాం" అనుకున్నాను. పన్నీ కాదు, పన్ను డాక్టరూ కాదు, తప్పంతా ఈ "బాగానే ఉన్నాను కదా" దగ్గరుంది.

పన్నెండో రోజు పొద్దున కాఫీ కలుపుతున్నాను. చేతిలో గ్లాసు జారిపోయింది. వంగి తీద్దామంటే కుడిచెయ్యి నాది కానట్టుంది. మావారు హాల్లోంచి "ఏం పడింది?" అన్నారు. గ్లాసు అని చెప్పాలి. మాట తెలుసు. కళ్ళముందు ఉంది. నోటికి రావట్లేదు. ఏదో శబ్దం వస్తోంది, అది నా గొంతులా లేదు. నలభై ఏళ్ళు ఈ గొంతుతోనే అన్నం తిన్నాను నేను. గుంటూరులో ట్రంక్ బోర్డు మీద కూర్చుంటే, చావు కబుర్లు, పెళ్ళి కబుర్లు, లైట్నింగ్ కాల్స్ అన్నీ నా మాట మీదుగా వెళ్ళేవి. ఆ పూట ఇంట్లో మనిషికి గ్లాసు అన్న మాట అందించలేకపోయాను.

మావారు షుగరు పడిపోయిందనుకుని పంచదార నీళ్ళు తాగించబోయారు. అది కూడా తప్పేనట, మింగుడు పడక ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఇరవై నిమిషాలకి మాట తిరిగొచ్చింది. తిరిగొచ్చింది కాబట్టి ఆస్పత్రికెందుకు అని నేనే గొడవ పెట్టుకున్నాను. మా కోడలు వినలేదు, చెయ్యి పట్టుకుని కారెక్కించింది. చిన్న గడ్డ అడ్డుపడి దానంతటదే కరిగిందన్నారు, అంటే ముందస్తు హెచ్చరిక. చాలామందికి అది కూడా ఉండదు. ఆ పిల్ల నాకంటే నలభై ఏళ్ళు చిన్నది. ఆరోజు నుంచీ దాని మాట నాకు అత్తగారి మాట.

మూతి వంకరైనా, చెయ్యెత్తమంటే ఒకటి వాలిపోయినా, మాట ముద్దైనా, గడియారం చూసి టైము రాసుకోండి, 108కి ఫోన్ చెయ్యండి. గడ్డ కరిగించే ఇంజక్షను మొదటి నాలుగున్నర గంటల్లోనే ఇస్తారు. రక్తం పల్చబడే మాత్ర చివరిసారి ఎప్పుడు వేసుకున్నారో కూడా చెప్పాలి. అది తెలియకుండా ఆ ఇంజక్షను ఇవ్వాలో వద్దో వాళ్ళు తేల్చుకోలేరు. నా పర్సులో ఈ వివరాలతో ఒక కాగితం ఎప్పుడూ ఉంటుంది.

ముందు వరసలో నీలంచీరలో కూర్చున్నావిడ నా బెంచీమేటు. తన సంగతి చెప్పమని తనే అంది. తొమ్మిదో తరగతిలో మూడు నెలలు బడికి రాలేదు. ముందు గొంతునొప్పి, తర్వాత కీళ్ళవాపులు. మనమేమో ఎగ్గొడుతోందని ఏడిపించాం. అది రుమాటిక్ జ్వరం. మూడు వారాలకొకసారి పెనిసిలిన్ ఇంజక్షను పొడవాలన్నారు. పెళ్ళి కుదిరాక, అత్తవారికి తెలుస్తుందని ఇంట్లోవాళ్ళు మాన్పించేశారు. కవాటం పాడై, ముప్పై ఎనిమిదో ఏట లోహపు కవాటం వేయించుకుంది. తనకీ ఏఫిబ్ ఉంది. కానీ లోహపు కవాటం ఉన్నవాళ్ళకి నేను వేసుకునే కొత్తరకం మాత్రలు పనికిరావు, పాత వార్ఫరిన్ రకమే వాడాలి. ఐఎన్ఆర్ అనే రక్తపరీక్ష చేయించుకుంటూ మోతాదు సరిచూసుకోవాలి. ఆకుకూరలు ఎక్కువైతే ఆ మందు బలం తగ్గుతుంది. గోంగూర మానేసిందేమో అనుకున్నాను, మానలేదట. ఒక వారం కుండెడు, ఒక వారం సున్నా కాకుండా ఎప్పుడూ ఒకేలా తింటుందట. ముప్పై ఏళ్ళుగా ఆ లెక్క తప్పలేదు. నేను పన్నెండు రోజులు కూడా నిలబడలేకపోయాను.

ఈ వార్ఫరిన్ కథ మన సంఘం వినాల్సింది. 1933లో అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రపు రైతు ఒకాయన, చచ్చిన పెయ్యనీ, పాలక్యాను నిండా గడ్డకట్టని రక్తాన్నీ వేసుకుని, మంచులో బండి తోలుకుంటూ అక్కడి విశ్వవిద్యాలయానికి వచ్చాడు. పాడైన గడ్డి తిని పశువులు రక్తం కారి చనిపోతున్నాయి. కార్ల్ పాల్ లింక్ అనే శాస్త్రవేత్త, ఆయన శిష్యులు ఏళ్ళ తరబడి ఆ గడ్డి మీద పనిచేసి విషయం తేల్చారు. అందులోంచి ముందు ఎలకలమందు, తర్వాత 1954లో మనుషుల మందు వచ్చాయి. పేరులో మొదటి భాగం ఆ పరిశోధనకి డబ్బిచ్చిన సంస్థది. ఆ సంస్థని 1925లో పెట్టింది ఆ విశ్వవిద్యాలయం పూర్వవిద్యార్థులు! మనం యాభై ఏళ్ళలో సైకిల్ స్టాండు కట్టించాం. కార్యదర్శిగారూ, కోపం తెచ్చుకోకండి.

రోజువారీ సంగతులు. పొద్దున ఎనిమిది, రాత్రి ఎనిమిది, ఫోన్లో అలారం. కార్తీక సోమవారం నేను అన్నం మానతాను, మాత్ర మానను. కొన్ని రకాల మాత్రలు అన్నంతోనే వేసుకోవాలి, మీదే రకమో అడిగి తెలుసుకోండి. మోకాళ్ళనొప్పికి వీధి చివర ఆర్ఎంపీ దగ్గర తుంటికి ఇంజక్షను పొడిపించుకోవడం నాకు అలవాటుండేది. మానేశాను. ఈ మాత్రల మీద ఆ సూది పొడిస్తే లోపల రక్తం చేరి కమిలిపోతుంది. నొప్పిమాత్రలు కూడా కడుపులో రక్తస్రావం తెస్తాయి. పళ్ళు తోముకుంటే కాస్త రక్తం కనిపిస్తుంది, అది చూసి మానెయ్యకండి. మలం నల్లగా వచ్చినా, తలకి దెబ్బ తగిలినా మాత్రం వెంటనే వెళ్ళాలి.

ఇంకోటి, కాస్త సిగ్గుగా ఉంటుంది. నాకు గురక. మావారు ముప్పై ఏళ్ళు మొహమాటపడి చెప్పలేదు. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తుంటే ఏఫిబ్ రేగుతుందట. పరీక్ష చేసి ముక్కుకి మిషను పెట్టారు. చూస్తే యుద్ధవిమానం పైలట్‌లా ఉంటాను. దడ వచ్చే రాత్రులు తగ్గాయి. ఏడు కిలోలు తగ్గాను, అది కూడా పనిచేసింది. కాఫీ మూడు నెలలు మానేసి ఏడ్చాను, రెండు కప్పులకి పర్వాలేదన్నాక మళ్ళీ మొదలుపెట్టాను.

మా అబ్బాయి అమెరికా నుంచి గుండె చూసే వాచీ పంపాడు. అది వచ్చాక జబ్బు ఎక్కువైంది. రోజుకి నలభైసార్లు చూసేదాన్ని, చూసేకొద్దీ దడ. డాక్టరుగారు "రాత్రి తీసి బీరువాలో పెట్టండి" అన్నారు. ఇప్పటికీ ఎడమపక్కకి తిరిగి పడుకుంటే దిండులోంచి గుండె చప్పుడు వినిపిస్తుంది. ఒక్కో రాత్రి అది తడబడుతుంది. భయం పోలేదు. కుడిపక్కకి తిరిగి పడుకుంటాను.

దీనికి ఆపరేషనులాంటిది కూడా ఉంది, అబ్లేషన్. తప్పుడు కాల్స్ ఎక్కువగా ఊపిరితిత్తుల నుంచి వచ్చే రక్తనాళాల మొదట్లోంచి పుడతాయని 1998లో ఫ్రాన్సులో బోర్డో డాక్టర్లు చూపించారు. లైన్‌మన్ వెళ్ళి ఆ లైను కత్తిరించినట్టు, తొడ దగ్గర నుంచి తీగ పంపి అక్కడ మాడుస్తారు. నాకు వచ్చే నెలలో చేస్తామంటున్నారు. చేయించుకున్నా నాకున్న మార్కులకి మాత్ర మానకూడదని ముందే చెప్పారు.

నా పది నిమిషాలు అయిపోయాయి, ఒక్క నిమిషం అప్పివ్వండి. కుడిచేతి రెండు వేళ్ళు ఎడమ మణికట్టు మీద, బొటనవేలి వైపు పెట్టండి. వరండాలో మన పాత గంట ఇంకా వేలాడుతోంది. మన తమ్ముడొకడు అక్కడ నుంచున్నాడు. గంట కొట్టగానే లెక్క మొదలు, మళ్ళీ కొట్టగానే ఆపాలి. ఎన్నిసార్లు కొట్టుకుందన్నదొకటే కాదు, వరసగా కొట్టుకుందా లేదా చూడండి. ఎప్పుడో ఒక దెబ్బ జారితే కంగారు లేదు, చాలామందికి జారుతుంది. అసలు వరసే లేకపోతే చెయ్యెత్తండి.

(గంట. ఒక నిమిషం. మళ్ళీ గంట.)

ఒకరు, ఇద్దరు... అదుగో ఆ మూల మూడో అన్నయ్య, దించకండి, చూశాను. భోజనాల షామియానా పక్కన మన 1991 బ్యాచ్ డాక్టరు తమ్ముడు ఈసీజీ మిషను పెట్టుకుని కూర్చున్నాడు. మీ ముగ్గురూ ముందు అక్కడికి వెళ్ళి, తర్వాత గారెల దగ్గరికి రండి. మీ గారెలు నేను తీసి ఉంచుతాను.