మా యింటి ముంగి

పెంచుకొను జంతువుచేత కరచు అలవాటు మాన్పించుట యెట్లు అను విషయమునుగూర్చి నాలుగు మాటలు చెప్పుమని నన్ను కోరినారు. బ్రదుకంతయు బడిపిల్లలకు వ్యాకరణము చెప్పినవాడను గాని నేను జంతుశాస్త్ర మెఱిగినవాడను గాను. అయినను చిన్ననాట మా యింట నొక ముంగి పెరిగినది. దానివలన నేర్చినదే మనవి చేయుదును.

ఐరోపాఖండమున ఫెరెట్టు అను జంతువును కుందేళ్ళను బొరియలనుండి తరుముటకై పెంచుచు వచ్చిరి. చూపునకది మన ముంగికి చుట్టమువలె నుండును గాని కుటుంబము వేఱు. శాస్త్రజ్ఞుల లెక్కలో ముంగికి పిల్లియు దుమ్ములగొండియు దగ్గర. పొడవైన దేహము, సూదులవంటి పండ్లు, కదలుదానిపైకి దుముకు స్వభావము మాత్రము రెంటికిని సమానమే.

మాది గురజాల దాపున నొక పల్లె. మా పలనాటిలో గోడ నాపరాయి, కప్పు నాపరాయి, దొడ్డిచుట్టు పేర్చిన కంచెయు నాపరాయి. ఆ సందులలో ఎలుకలు, ఎలుకలకొఱకు పాములు. 1967లో నాగార్జునసాగరు కుడికాలువకు నీరు వదలిరి. ఆ మరుసటి యేడు, నా యెనిమిదవ యేట, గొఱ్ఱెలకాపరి యొకడు రాళ్ళకుప్పలో దొరకిన ముంగిపిల్లను తెచ్చి మా తాతగారి చేతిలో పెట్టెను. సంస్కృతపండితు లగుటచే వారు దానికి నకులుడని పేరిడిరి.

మొదటి వారముననే నకులుడు ఇంటిల్లిపాదిని కరచెను. మా నాయన కొట్టెను. కొట్టినకొలదియు ఎక్కువయ్యెను. చేయి కనబడినంతనే వెండ్రుకలన్నియు నిక్కించి, రెండింత లయినట్లు ఉబ్బి, మీదికి వచ్చుచుండెను. తాతగారు చూచి, “ఒరే, చేయి యనగా దెబ్బ యని దానికి నీవే పాఠము చెప్పినావు. ఇక నది ముందుగా కరవక యేమి చేయును?” అనిరి.

నాటినుండి దాని చదువు తాతగారి వంతు. పాలన్నము చేతితో నోటికందింపరాదు, మూకుటిలోనే పెట్టవలెను. తిన్న చేయి కడుగుకొనక తాకరాదు, ఏలయన నెయ్యి వాసనగల వ్రేలు దానికి తిండియే. గద్ద వాలినట్లు పైనుండి పట్టరాదు. ప్రక్కనుండి, క్రిందుగా చేయి చాచి, అది వాసన చూచువఱకు ఆగవలెను. తినునప్పుడు, నిదురించునప్పుడు ముట్టరాదు. పంటితో పట్టినచో చేయి లాగికొనరాదు. లాగిన వ్రేలు పరుగెత్తు ఎలుకతో సమానము. పట్టు బిగియును, చర్మము చీలును. కదలక నిలిచి, “ఉహుఁ” అని ఒక్కమాట పలికి, వదలినపిమ్మట గంపక్రింద కొంతసేపుంచి ఆట కట్టిపెట్టవలెను. పండ్ల దురద తీరుటకు కొబ్బరిపీచు ముద్ద వేయుచుండిరి. రోజును కొంతసేపు ఉత్తరీయపు మడతలో దాని నుంచుకొని అమరము వల్లించెడివారు. రెండు నెలలకు నకులుడు తాతగారి వ్రేలిని పండ్లతో పట్టియు నొక్కక వదలుట నేర్చెను.

నే నా నియమము తప్పితిని. పెద్దలు లేనప్పుడు చాపక్రింద వ్రేలాడించి దానిచేత దుముకించి నవ్వెడివాడను. ఒకనాటి మధ్యాహ్నము, ఏడాది నిండని మా చెల్లెలు ఉయ్యెలనుండి చేయి వ్రేలాడవేసి వ్రేళ్ళాడించుచుండగా నకులుడు దుమికి చూపుడువ్రేలు కరచెను. నాయన రోకలి యెత్తెను. తాతగారు అడ్డము వచ్చిరి. పంచతంత్రమున ముంగిని చంపి పిదప నేడ్చిన తల్లి కథ మీ రెఱుగుదురు గదా! విచారింపక దండింపరాదని వారనగా, నేను ఏడ్చుచు చాపక్రింది యాట చెప్పితిని. రోకలి దిగినది. నాకు పడవలసినవి నాకు పడినవి.

ఇరుగుపొరుగువారు ఆకుపసరు, సున్నము తెచ్చిరి. తాతగారు దేనిని నంటనీయలేదు. సబ్బుతో చాలసేపు గాయము కడిగించి, మొదటి బస్సులో నరసరావుపేట ఆసుపత్రికి తీసికొనిపోయిరి. పిచ్చికుక్క వ్యాధి కుక్కకే కాదు, ముంగికిని రావచ్చును. నీలగిరులలోని కూనూరున 1907లో నెలకొన్న పాస్తరు సంస్థ దీనికి మందు తయారుచేయుచుండెను. ఆ కాలమున అది బొడ్డుచుట్టు దినమున కొక్కటిగా పొడుచు సూది. ఆ పసిదాని యేడుపు నాకిప్పటికిని వినవచ్చును. ఇప్పుడు చేతికి వేయు నాలుగైదు సూదులతో సరిపోవును. లోతుగాయమైనచో గాయములోనే మఱియొక మందు కూడ నెక్కింతురు. సబ్బునీటితో పదునైదు నిమిషములు కడిగి, ఆనాడే వైద్యుని చూడవలెను. వ్యాధి పైకి తేలినపిదప బ్రదుకుట మిక్కిలి యరుదు.

నకులుడు పెద్దవాడై, ఒక వానకాలము రాళ్ళకుప్పలోనికి వెళ్ళి, కొన్నాళ్ళు పాలకు వచ్చి, పిదప రాలేదు. నేడు ముంగిని పట్టుటయు, పెంచుటయు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నేరము. కుంచెలకై దాని వెండ్రుకలమ్ముటయు నేరమే. కాని తాతగారి నియమములన్నియు కుక్కపిల్లకు చెల్లును. దానిని రెండు నెలలు నిండకుండ తల్లినుండి వేఱుచేయకుడు. తోడిపిల్లను గట్టిగా కరచినప్పుడు అది కుయ్యిమని ఆట మానివేయును. పంటి బలమునకు హద్దు అక్కడనే తెలియును.

క్రిందటి సంక్రాంతికి మా మనుమడొక కుక్కపిల్లను తెచ్చినాడు. మూడవనాడు దుప్పటిక్రింద వ్రేలాడించుచు నవ్వుచుండెను. పండుగకు వచ్చిన మా చెల్లెలు వాని ప్రక్కన కూర్చుండి, నావైపొకమాఱు చూచి, తన చూపుడువ్రేలు వానికి చూపినది.