పరిచర్య చేయువారి దేహరక్షణము

(వార్షిక మహాసభయందు చేసిన ప్రసంగము)



ఏటేట ఈ సభయందు నన్ను విద్యను గూర్చియో, వాఙ్మయమును గూర్చియో మాటలాడుమని కోరుట వాడుక. ఈ యేడు మాత్రము కార్యదర్శిగారిని నేనే వేడుకొని విషయమును మార్చుకొంటిని. ఇంటిలో ఆలికి గాని మగనికి గాని దెబ్బ తగిలి మంచము పట్టినపుడు, పరిచర్య చేయు రెండవవారు ఈ చలికాలమున తమ దేహము నెట్లు కాపాడుకొనవలయును అనునదే నేటి నా ప్రసంగ విషయము. ఇంత చిన్న విషయము మహాసభకు తగునా యని కొందరికి తోచవచ్చును. కాని ఇందు పొరపడిన యింట ఒక మంచమునకు రెండు మంచములగును. అట్లు కాబోయిన యింటివాడను నేను. కావుననే సాహసించి నిలుచుంటిని.

ఇచ్చటికి జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతముల నుండి మనవారు విచ్చేసియున్నారు. ఈ మూడు పట్టణములును 2016 అక్టోబరు 11వ తేదీ వరకు ఒక్క వరంగల్లు జిల్లాలోనివే. జిల్లాలు వేరైనను మన చుట్టరికములు వేరు కాలేదు. కనుక ఊరికొక యింటి ముచ్చట చొప్పున మూడిండ్ల ముచ్చట చెప్పెదను. మొదటిది మా యిల్లు.

నాకిప్పుడు 67 ఏండ్లు, నా సహధర్మచారిణికి 63 ఏండ్లు. రెండేండ్ల క్రిందట ధనుర్మాసమున, జనగామలోని మా యింటి వాకిట, తెల్లవారక మునుపే సాన్పి చల్లి ముగ్గు వేయబోయి ఆమె తడిబండ మీద కాలు జారి పడినది. తుంటి యెముక విరిగెను. వరంగల్లునకు గొనిపోగా శస్త్రచికిత్స చేసి లోహపు కడ్డీ నమర్చిరి. ముట్టుడిగిన పిమ్మట స్త్రీల యెముకలు లోలోపల గుల్లబారుననియు, అట్టి యెముక చిన్న పాటుకే విరుగుననియు డాక్టరుగారు చెప్పువరకు నేనెరుగను. తొమ్మిదవనాడు ఇంటికి వచ్చితిమి. కొడుకును కోడలును పది దినములుండి హైదరాబాదునకు తమ కొలువులకు పోయిరి. ఇంట మిగిలినది మేమిద్దరమే.

అంతకు మునుపు నేను ప్రతి ఉదయము గంటసేపు నడచువాడను. ఆ నడకను మానితిని. ఆమె మంచమున నుండగా నేను షికారునకు పోవుటయా యని సిగ్గుపడితిని. మానుటయే ధర్మమని తలచితిని. రాత్రి రెండు గంటలకొకమారు లేచి ఆమెను ఒత్తిగిలజేయుట, పగలు వంట. 34 ఏండ్లు పిల్లలకు కాళిదాసును బోధించిన నాకు పప్పు తాళింపు వేయుట రాదు. ఆ సంగతి అరువదియైదవ యేట తెలిసినది. ఆమె మంచము మీది నుండి చెప్పుచుండ నేను పొయ్యికడ నేర్చుకొంటిని. ఆమెకు పెట్టిన పిమ్మట మిగిలినదేదో నిలుచుండి తినెడివాడను. చలికి దప్పిక తోచక నీరు త్రాగుట మరచితిని. నా రక్తపుపోటు మాత్రలను సగము దినములు మరచితిని.

ఇట్లు నలువది దినములు గడచెను. ఒకనాటి వేకువను ఆమెను చంకల క్రింద పట్టి లేవనెత్తుచుండగా నడుము కలుక్కుమనెను, కన్నులకు చీకటి గ్రమ్మెను. ఇద్దరమును మంచము మీదనే కూలబడితిమి. దైవకృపచే ఆమెకేమియు కాలేదు. దవాఖానకు పోగా నా రక్తపుపోటు 170కి 100గా నుండెను. ఆ రాత్రి ఆమె పలికిన మాటలను ఆమె పలికినట్లే చెప్పెదను, మన్నింపుడు. "మీరు గూడ పడితే నన్ను లేపెటోళ్లు ఎవరున్నరు? రేపటిసంది పొద్దెక్కినంక అర్ధగంట బయటికి పోయి రాండ్రి. నేనేం పారిపోను."

కుమారసంభవము పంచమసర్గమున, బ్రహ్మచారి వేషమున వచ్చిన శివుడు తపస్సు చేయుచున్న పార్వతిని, నీ తపస్సు నీ శక్తికి తగినంతయేనా యని యడుగు ఘట్టము గలదు. దానిని నేను ఎన్నిమారులో పాఠము చెప్పితిని. ఆ ప్రశ్నను నాకు వేసినది మాత్రము మంచము మీది యీమెయే. సేవయు ఒక తపస్సే. అదియు శక్తికి లోబడినదే. పరిచర్య చేయువాడు తన దేహమును కాపాడుకొనుట స్వార్థము గాదు. అది పరిచర్యలో ఒక భాగము. నేటి నా ప్రసంగ సారమంతయు ఇదియే.

రెండవ యిల్లు మానుకోట దగ్గరి పల్లెలోనిది. వరుసకు నాకు బావమరిది, మిరప తోటల రైతు. ఆయన యిల్లాలు తోటకు పోవుచు ఆటో దిగబోయి పడి కాలు విరుగగొట్టుకొనెను. ఆయన బలశాలి. "బస్తాలు మోసినోన్ని, నాకిదో లెక్కనా బావా!" యని ఆమెను బస్తావలెనే ఎత్తెడివాడు. మూడు వారములకే వెన్నుపూసల నడుమ జారిన మెత్తని బిళ్ల నరమును నొక్కగా, ఆయనయు మంచము పట్టెను. మిరప ఏరు దినములలో ఆ యిల్లు పడిన యవస్థ నేను కన్నులార చూచితిని. బస్తా కదలదు, మనిషి కదలును, భయపడి మెడను పట్టుకొనును. కనుక ఎత్తుటకు వేరు పద్ధతి గలదు. ఫిజియోథెరపీవారు మాకు నేర్పినది చెప్పెదను.

మనిషిని ఎత్తరాదు, లేచుటకు తోడ్పడవలయును. చేతులు పట్టి లాగరాదు, చంకలలో చేతులిడి లేపరాదు. మొదట మంచపు అంచునకు జరిపి, పాదములు నేలకు తాకునట్లు కూర్చుండబెట్టి, తల తిరుగుట లేదని తెలిసికొనవలయును. నడుమునకు గట్టి పట్టీ గట్టి దానిని పట్టుకొనవలయును. మనము దగ్గరగా నిలిచి, పాదములు ఎడముగా నుంచి, మోకాళ్లు వంచవలెనే గాని నడుము వంచరాదు. మూడు లెక్కపెట్టి, వారు తమ చేతులతో మంచమును అదిమి లేచుచుండగా మనము తోడ్పడవలయును. తిరుగవలసినపుడు పాదములతో తిరుగవలయును, నడుము మెలిపెట్టరాదు. విరిగిన కాలిపై ఎంత బరువు మోపవచ్చునో డాక్టరు చెప్పినంతయే. మంచము మరీ పల్లమైనచో కాళ్ల క్రింద గట్టి దిమ్మెలుంచి ఎత్తు చేయవలయును. ఇంత మాత్రముననే నా నడుము నేటికి నిలిచియున్నది.

మూడవ యిల్లు భూపాలపల్లిలోనిది. నా పినతండ్రి కుమారుని కూతురు. ఆమె పెనిమిటి బొగ్గుగని కార్మికుడు, డ్యూటీ దిగి వచ్చుచు మోటారుసైకిలు మీద పడి తొడ యెముక విరిగి ఆరు నెలలు ఇంటనుండెను. ఇచట ఒక మాట నిర్మొగమాటముగా చెప్పవలసియున్నది. నేను పప్పు వండితినని విని మన బంధువులందరు నన్ను ఋషివలె పొగడిరి. ఆ బిడ్డ ఆరు నెలలు భర్తను లేపి, కూర్చుండబెట్టి, స్నానము చేయించి, పిల్లలను బడికి పంపి, బండెడు చాకిరి చేసినను, "ఆలు గదా, చేయక ఏమి చేయును?" అనిరి. నేను చూడబోయినపుడు, "నీవెట్లున్నావమ్మా?" యని యడిగితిని. ఆమె కొంగుతో కన్నులు తుడుచుకొని, "పెదబాపూ, ఆర్నెల్లల్ల ఈ మాట నన్ను అడిగింది నువ్వొక్కనివే" అనెను. మనవారు అరటిపండ్లు పట్టుకొని అందరును వచ్చిరి, రోగిని పలుకరించిరి, టీ త్రాగి పోయిరి. ఆ టీ కాచినది ఆమెయే.

ఇక చలికాలపు నియమములు. చలికి రక్తనాళములు ముడుచుకొనును, అందుచే రక్తపుపోటు పెరుగును. గుండెపోటులును పక్షవాతములును చలికాలమున హెచ్చుట అందువలననే. కావున మనబోటి వయసువారు తెల్లవారుజామున మంచులో నడువరాదు. పొద్దెక్కిన తరువాత, చెవులకు మఫ్లరు చుట్టుకొని, మొదటి ఐదు నిమిషములు మెల్లగా నడచి, పిదప వేగము పెంచవలయును. మాత్రలు తప్పరాదు. ఎదలో నొప్పి, ఆయాసము, చల్లని చెమట తోచినచో నడక మాని వెంటనే 108కి ఫోను చేయవలయును.

గంటసేపు తీరికలేదందురు. అక్కరలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2020లో ప్రకటించిన నియమముల ప్రకారము వారమునకు 150 నిమిషములు తక్కువ గాకుండ ఓ మోస్తరు శ్రమ చాలును. రెండు దినములు కండరములకు బలమిచ్చు వ్యాయామము చేయవలయును. 65 ఏండ్లు దాటినవారు మూడు దినములు తూకము నిలుపుకొను అభ్యాసమును చేయవలయును. రోజునకు మూడుమారులు పదేసి నిమిషములు నడచిన, ఐదు దినములలో ఆ 150 నిండును. నేను ఒక విడత వీధిలో, రెండు విడతలు మా వసారాలోనే నడచెదను. వసారాలో నడచునపుడు ఆమె పిలిచిన వినబడును.

తక్కిన వ్యాయామము మంచము ప్రక్కనే చేయవచ్చును. చేతుల యూత లేకుండ కుర్చీలో నుండి పదిమారులు లేచి కూర్చుండుట. గోడను రెండు చేతుల నెట్టి వెనుకకు వచ్చుట. కుర్చీ పట్టుకొని మడమలెత్తి ముని వ్రేళ్లపై నిలుచుట, ఒంటికాలిపై నిలుచుట. ఆ వేళనే ఆమె మంచము మీద పాదములను పైకి క్రిందికి ఆడించెడిది. పడుకొనియున్నవారి కాళ్లలో రక్తము గడ్డకట్టకుండ అది తోడ్పడును. లెక్క ఆమె పెట్టెడిది. నేను ఎనిమిదింటికే ఆపిన ఊరకొనెడిది కాదు.

శీతకాలమున బలము గలవాడును, నెయ్యి నూనెలు గల భోజనము చేయువాడును తన శక్తిలో సగము మేరకే వ్యాయామము చేయవలయునని వాగ్భటుడు అష్టాంగహృదయమున విధించెను. బలవంతునికే సగమనగా, నిద్రలేక అలసియున్న పరిచారకుని మాట చెప్పనేల? నడచుచు మాటలాడగలుగుట సరియైన మేర. మాట తడబడి ఊపిరి అందనిచో మితిమీరినట్లే.

ఆహారము విషయమున, వండినది ఇద్దరును ఒక్క వేళనే కూర్చుండి తినవలయును. జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర, పెరుగు, పాలు, నువ్వులు, తినువారికి గుడ్డు. ఇవి విరిగిన యెముకకును మంచివే, మోయు కండకును మంచివే. సంక్రాంతి సకినాలలో నువ్వులున్నవి గదా యని పళ్లెము ఖాళీ చేయరాదు. అందు నూనెయు నున్నది! దప్పిక లేకున్నను గోరువెచ్చని నీరు తరచుగా త్రాగవలయును. పగటి యెండలో ఇద్దరును కొంతసేపు కూర్చుండవలయును. యెముకకు వలయు డి విటమిను చర్మమున పుట్టునది ఎండవలననే.

మరియొక ముఖ్య విషయము. బొగ్గు సులువుగా దొరకు ఊళ్లలో చలికి కుంపటి నింటిలోనుంచి తలుపులు మూయు వాడుక గలదు. రోగి గదిలో నట్లెన్నడును చేయరాదు. దాని విషవాయువునకు వాసన లేదు. నిద్రలోనే ప్రాణము తీయును. రగ్గు కప్పుకొనుడు, కుంపటి వెలుపల నుంచుడు. వాకిట సాన్పి తెల్లవారిన పిమ్మట చల్లుడు, స్నానపుగదిలో దీపమును గరుకు చాపయు నుంచుడు.

ఇక సంఘమునకు నా విన్నపము. మహబూబాబాదున 2022లోను, జనగామ, భూపాలపల్లులలో 2023లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు వెలసినవి. వృద్ధులకు 14567, మనసు క్రుంగినవారికి 14416 అను సహాయ ఫోనులున్నవి. ఇవన్నియు మంచివే. కాని మధ్యాహ్నము రెండుగంటలు వచ్చి మంచము ప్రక్కన కూర్చుండుటకు ప్రభుత్వము రాదు, మనమే రావలయును. ఊరికి పదిమంది పేర్లు వ్రాసికొందము. మనవారి యింట ఎవరు మంచము పట్టినను, వారమునకొకమారు ఒక్కొక్కరు పోయి, "నేను కూర్చుందును, నీవు నడచి రా, లేదా నిద్రపో" యని చెప్పవలయును. పని తీరి మూలబడిన వాకర్లను, చక్రాల కుర్చీలను సంఘ భవనమున చేర్చినచో అక్కరగలవారు గొనిపోవుదురు. మా యింటి వాకరును నేడే తెచ్చి కార్యదర్శిగారికి అప్పగించితిని. పండ్లు తీసికొనిపోవుట మానుమనను. పండ్లతో పాటు రెండు గంటలు తీసికొనిపొండు. ఆడువారు పరిచర్య చేయు ఇండ్లకు మొదట పొండు.

నా సహధర్మచారిణి నేడు చేతికర్రతో నడచి ఈ సభకు వచ్చి స్త్రీల వరుసలో కూర్చున్నది. పూర్తిగా మునుపటివలె నడువలేదు. మెట్లెక్కుట నేటికిని కష్టమే. అయినను సాయంకాలము ఇద్దరము కలిసి వీధి చివరివరకు పోయి వచ్చుచున్నాము. ఇంతకు మునుపు నేను ముందు, ఆమె వెనుక నడచువారము. ఇప్పుడు ఆమె యడుగును చూచి నా యడుగు వేయుచున్నాను. నా ప్రసంగము దీర్ఘమైనదని ఆమె కన్నులు చెప్పుచున్నవి గనుక విరమించుచున్నాను.