అట్టపెట్టెతో మడిచే నీడ: వాన నేర్పిన పాఠం

ఫ్రిజ్ వచ్చే అట్టపెట్టెతో మడిచి పట్టుకెళ్లే నీడ ఎలా చేశానో ఇవాళ చెప్తాను.

ఎండాకాలం మా నాన్న రోడ్డు పక్కన తాటిముంజలు అమ్ముతారు. గొడుగు వేస్తే నీడ నాన్నకే సరిపోతుంది, ముంజలు ఎండలోనే ఉంటాయి. పందిరి వేద్దామంటే రాత్రికి అక్కడ ఏదీ వదిలి రాలేం. రోజూ మోపెడ్ మీద తేవాలి, తీసుకెళ్లాలి. అందుకే షాపులో అడిగి రెండు పెద్ద ఖాళీ పెట్టెలు తెచ్చాను.

మొదట అట్టను బల్లపరుపుగా పైన వేశా. గంటలో మధ్యకి కుంగిపోయింది. మీరూ చూడండి: రెండు గ్లాసుల మీద కాగితం పరిచి ఫోన్ పెడితే కింద పడుతుంది. కింద దిండు పెట్టుకోండి, సరేనా! అదే కాగితాన్ని విసనకర్రలా సన్నగా మడతలు పెట్టి వేస్తే ఫోన్ ఆగుతుంది. బలం కాగితంలో లేదు, మడతలో ఉంది.

అట్ట అంచు చూస్తే లోపల అలల్లాంటి గీతలుంటాయి. ఆ గీతల వెంబడి మడిస్తే నీట్‌గా వస్తుంది, అడ్డంగా మడిస్తే నలుగుతుంది. గోడలకి గీతలు నిలువుగా ఉండాలి, అప్పుడే బరువు మోస్తాయి. రోజూ మడిచే చోట చిరుగుతుంది కాబట్టి పాత లుంగీ గుడ్డ గమ్‌తో అంటించా. గోడలు విడివిడిగా చేశా. పొద్దున తూర్పు వైపు పెట్టిన గోడని మధ్యాహ్నం పడమరకి మార్చుకోవచ్చు.

అంతా బాగుందనుకున్నాక ఒక సాయంత్రం చినుకులు పడ్డాయి. పైన పాలిథిన్ ఉంది కదా అని ధీమాగా ఉన్నా. నీళ్లు కిందనుంచి పీల్చుకుని గోడలు మెత్తబడి కూలిపోయాయి. నాన్న ఏమీ అనలేదు, మళ్లీ గొడుగు తెరిచారు. అది చూసి చాలా బాధేసింది.

అప్పుడు షిగేరు బాన్ గురించి చదివా. జపాన్ ఆర్కిటెక్ట్. 1995 కోబె భూకంపం తర్వాత కాగితం గొట్టాలతో ఇళ్లు కట్టారు. పునాదికి ఇసుక నింపిన బీరు క్రేట్లు వాడారు. 2001లో మన గుజరాత్‌లో భూకంపం వచ్చాక భుజ్‌లో కూడా కట్టారు. అక్కడ కూలిన ఇళ్ల శిథిలాలే పునాది. కాగితం నేలని తాకకూడదన్నమాట!

నేనూ సోడా క్రేట్లలో ఇసుక నింపి, గోడలు వాటి మీద నిలబెట్టి తాళ్లతో కట్టా. అంచులకి టేప్ చుట్టా. గాలికి కూడా కదల్లేదు.

ఒక్క మాట. దీని దగ్గర పొయ్యి పెట్టకండి. పెద్ద గాలివాన వస్తే నిలబెట్టాలని చూడకండి, వెంటనే మడిచేయండి. మడిచేలా చేసింది అందుకే కదా!