డార్కింగ్: కాటన్ దొర కడపటి ఊరు



ధవళేశ్వరంలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట కథ గోదావరి వాళ్ళమైన మనకు కంఠస్థం. దాన్ని కట్టిన సర్ ఆర్థర్ కాటన్ 1899 జూలై 24న, తొంభై ఆరేళ్ళ వయసులో, ఎక్కడ కన్నుమూశారో మాత్రం మనలో చాలామందికి తెలియదు. ఆ ఊరు డార్కింగ్. లండన్‌కు దక్షిణంగా ఇరవై మైళ్ళ పైచిలుకు దూరం, సర్రే జిల్లా. ఈ సాయంత్రం ఆ ఊరి సంగతే చెప్పుకుందాం.

అక్కడ సుద్దకొండల వరుసను కోసుకుంటూ మోల్ అనే చిన్న ఏరు పారుతుంది. ఆ సందులోంచే రోమన్లు లండన్ నుంచి చిచెస్టర్‌కు బాట వేశారు. బాట పక్క ఊరు, ఊరికో సంత. 1086 నాటి రాజుగారి భూముల లెక్కలో దాని పేరుంది. సంతలో పేరుమోసినవి కోళ్ళు. మామూలు కోడి కాలికి నాలుగు వేళ్ళుంటే డార్కింగ్ కోడికి అయిదు. కోళ్ళ విలువ గోదావరి వాళ్ళకు నేను చెప్పాలా?

నన్ను ఇంకా పట్టి నిలిపింది అక్కడి సున్నం. ఆ కొండల సుద్దను బట్టీల్లో కాలిస్తే వచ్చే సున్నం నీళ్ళలోనూ గట్టిపడుతుంది. లండన్ రేవులు కట్టడానికి దాన్ని తరలించారు. రాయినీ సున్నాన్నీ నమ్మి గోదావరికి అడ్డుకట్ట వేసిన మనిషి చివరికి సున్నపు బట్టీల ఊరు చేరాడంటే, అది యాదృచ్ఛికమే అయినా నా మనసు కదిలింది.

వెస్ట్ స్ట్రీట్‌లో విలియం మల్లిన్స్ ఇల్లు నేటికీ ఉంది. చెప్పుల వ్యాపారి ఆయన. 1620లో మేఫ్లవర్ ఓడెక్కి అమెరికా వెళ్ళాడు. ఊరి మధ్య సెయింట్ మార్టిన్ చర్చి శిఖరం 210 అడుగులు. కాటన్ ఆ ఊళ్ళో ఉన్న రోజుల్లోనే అది లేచింది.

ఆయన కూతురు ఎలిజబెత్ అక్కడ కాఫీ గది నడిపింది. కూలీలు తాగుడు వైపు పోకుండా, సాయంత్రాలు వెచ్చగా కూర్చోవడానికి. ఆ అనుభవాలతో 1876లో పుస్తకం వేసింది. తండ్రి జీవితచరిత్ర రాసిందీ ఆమే. ఆ తండ్రి ముసలితనంలో ఏం చేశాడంటే, నేలను లోతుగా తవ్వి గోధుమ దిగుబడి పెంచే ప్రయోగాలు. డెల్టాకు అన్నం పెట్టాక కూడా ఆ చేతులకు మట్టి మీద మమకారం పోలేదు.

మీలో ఎవరైనా అటు వెళితే తోవ చెబుతాను. డీప్‌డీన్ కూడలి మధ్య 2007లో నిలిపిన పెద్ద లోహపు కోడిపుంజు కనిపిస్తుంది. అక్కడి నుంచి తూర్పుగా రైగేట్ రోడ్డు పట్టండి. కాస్త నడిస్తే శ్మశానవాటిక. మన దొర అక్కడే ఉన్నారు.