వంశరోగము – బిడ్డలకు తెలుపవలసిన బాధ్యత
(ఒక సభయందు గావించిన యుపన్యాసము)



పొలమునకు పట్టా యున్నది. ఇంటికి దస్తావేజు గలదు. బంగారమునకు వీలునామా వ్రాసి, సాక్షులచేత సంతకములు పెట్టించి, రిజిస్ట్రారు కచేరీకి పోయి ముద్ర వేయించుకొందుము. కాని తల్లిదండ్రులనుండి బిడ్డలకు సంక్రమించు సొత్తు మఱొకటి గలదు. ఏ దస్తావేజును లేకయే, ఏ సాక్షియు లేకయే, గర్భవాసమునందే అది చేతులు మాఱును. వంశానుగతమగు రోగమును గూర్చియే మేము చెప్పుచున్నాము. దానిని బిడ్డకు తెలుపవలసిన బాధ్యత తండ్రిదా, వైద్యునిదా యను ప్రశ్న ఇప్పటికే పెక్కు దేశములలో న్యాయస్థానముల కెక్కినది.

ఇంగ్లండునందు జరిగిన యొక వ్యాజ్యమును వినుడు. 2007లో ఒకడు తన భార్యను చంపెను. అతని మనఃస్థితిని బట్టి న్యాయస్థానము నేరతీవ్రతను తగ్గించి, చెఱసాలకు మాఱుగా చికిత్సాలయమునకు పంపినది. 2009లో అతనికి హంటింగ్టన్ వ్యాధి యున్నట్లు వైద్యులు నిర్ధారించిరి. ఈ వ్యాధి తఱచుగా నడివయసున బయలుపడి, అవయవములను వశము తప్పించి, బుద్ధిని క్రమముగా హరించును. దీనిని మాన్పు మందు నేటికిని లేదు. తల్లిదండ్రులలో నొకరికున్నచో ప్రతి బిడ్డకును సంక్రమించుటకు సగము పాళ్లు అవకాశము గలదు. అప్పటికి అతని కుమార్తె గర్భవతి. బిడ్డలకు తెలుపుదుమా యని వైద్యులడుగగా తండ్రి వలదనెను. తెలిసినచో గర్భము తీయించుకొనునేమో, ప్రాణమే తీసికొనునేమో యని యతని భయము. వైద్యులు మిన్నకుండిరి. 2010 ఏప్రిలులో ఆమె ప్రసవించెను. ఆగస్టులో ఒక వైద్యుని నోట మాట జాఱగా సంగతి తెలిసెను. తరువాతి పరీక్షలో తనకును ఆ జన్యుదోషము సంక్రమించినదని తేలెను.

ఆమె దావా వేసినది. 2015లో దానిని విచారణకు ముందే కొట్టివేసిరి. 2017లో అప్పీలు కోర్టు పునరుద్ధరించినది. 2020 ఫిబ్రవరిలో తీర్పు వెలువడినది. రోగి రహస్యమును, బిడ్డకు తెలియవలసిన యవసరమును త్రాసునందుంచి తూచుట యిట్టి సందర్భమున వైద్యుల విధియేయని న్యాయమూర్తి యంగీకరించిరి. కాని ఆ వైద్యుల నిర్ణయము విధికి భంగము కాదని తేల్చిరి. విధి నిలిచినది, వాది యోడినది.

తండ్రి భయము వట్టిది కాదని మేమును ఒప్పుకొందుము. మందులేని రోగమును ముందుగా నెఱుగుట కొందఱికి భరింపరాని శిక్ష. ఎఱుగకుండ గోరు హక్కును మన్నింపవలసినదే. అయినను వినుటయో మానుటయో తేల్చుకొనవలసినది బిడ్డ గాని తండ్రి కాదు. “నీకు సంబంధించిన యొక సంగతి యున్నది, వినెదవా?” యని యడుగువారైనను ఉండవలదా?

వారింపదగిన రోగములయెడ ఈపాటి సందేహమునకును చోటు లేదు. అమెరికాలోని న్యూజెర్సీలో ఒక తండ్రి పెద్దప్రేగు క్యాన్సరుతో 1964లో మరణించెను. కుమార్తె అప్పటికి పదేండ్ల బాలిక. 1990లో ఆమెకును అదియే సంప్రాప్తమైనది. ప్రేగునిండ చిన్న కణితులు పుట్టి క్యాన్సరుగా మాఱు ఆ వంశరోగమును ముందెఱిగినచో, క్రమముగా పరీక్షించి ఆపదను తప్పింపవచ్చును. వైద్యుని బాధ్యత రోగితోనే ముగియదని, అపాయమునకు గురికాగల బిడ్డలవఱకును వ్యాపించునని 1996లో అచటి అప్పీలు కోర్టు చెప్పినది. ఫ్రాన్సువారు ఆ భారమును రోగిపైననే మోపిరి. 2011 నాటి వారి శాసనము ప్రకారము, నివారణకో చికిత్సకో వీలున్న తీవ్రమైన జన్యుదోషము బయటపడినచో రక్తబంధువులకు తెలుపవలెను. నోరు రానివాడు తన పేరు బయటపడకుండ వైద్యునిచేత వర్తమాన మంపవచ్చును. ఈ యేర్పాటు మాకు మిక్కిలి నచ్చినది.

మన దేశమున అట్టి శాసనము లేదు. 2002 నాటి వైద్యవృత్తి నియమములు రోగి రహస్యమును వెల్లడింపరాదనుచునే, ఒక నిర్దిష్ట వ్యక్తికి తీవ్రమైన అపాయమున్నచో మినహాయింపు నొసగినవి. అది యనుమతియే గాని యాజ్ఞ కాదు. ఇక మిగిలినవారు తల్లిదండ్రులు. వారో, పిల్లల పెండ్లిండ్లు చెడునను భయమున నోరు మెదపరు. గోత్రమడుగుదుము, నక్షత్రమడుగుదుము, చట్టము వలదన్నను కట్నమడుగుదుము. తాతగారే రోగమున పోయిరని యడిగినచో అపశకున మందుము!

మన తెలుగునాటి యుదాహరణమే చూడుడు. శస్త్రచికిత్సలో కండరములను సడలించుటకు సక్సినైల్ కోలిన్ అను మందు నిత్తురు. దాని ప్రభావము నిమిషములలో తీఱిపోవును. కాని వైశ్య కుటుంబములలో కొందఱికి దానిని విఱుగగొట్టు రసాయనము పుట్టుకతోనే కొఱవడియున్నట్లు శాస్త్రజ్ఞులు కనుగొనిరి. అట్టివారికి గంటలకొలది ఊపిరి తమంతట రాదు. యంత్రముతో శ్వాస నిలుపవలసియుండును. ఇది యే కులమునకును మచ్చ కాదు. తరతరములుగ తమలో తాము పెండ్లాడు ప్రతి సమూహమునను ఇట్టిది ఏదో యొకటి దాగియుండవచ్చును. హైదరాబాదు సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు పాల్గొని 2009లో ప్రకటించిన పరిశోధనయందు, గుండెకండరమును బలహీనపఱచు ఒక జన్యులోపము భారతీయులలో నూటికి నలుగురియందున్నట్లు తేలినది. ఇందు కులభేదమెక్కడ?

కావున ఈ సభలోని తల్లులను, తండ్రులను మేము కోరునది స్వల్పము. వీలునామా పెట్టిన బీరువాలోనే మఱొక కాగిత ముంచుడు. ఇంట ఎవరికే రోగము వచ్చినది, ఏ వయసున వచ్చినది, వైద్యుడేమనెను – దాచక వ్రాయుడు. పిల్లలు పెద్దవారైనప్పుడు చదివి వినిపింపుడు. శస్త్రచికిత్సకు పోవు కుమారుడు “మా పెదనాయనకు ఆపరేషను పిమ్మట చాల గంటలు ఊపిరి రాలేదట” యని చెప్పగలిగినచో, మత్తువైద్యుడు ఆ మందును మాని వేఱొకటి వాడును.